రచ్చ గెలిచి ఇంట గెలువని గురువు



ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలు చెప్పుచుందురు. ముందు ఇంటివారు, ఊరివారు మనలను మెచ్చుకొనవలెను, ఆ తరువాతనే బయటివారి మెప్పు కోరవలెనని దాని భావము. అయితే కొందరి జీవితము ఈ సామెతకు తలక్రిందులుగా నడచును. బయటివారు వారిని నెత్తిన పెట్టుకొందురు. ఇంటివారు గుమ్మము వెలుపల నిలువబెట్టుదురు. అట్టి ఒక మనుష్యుని కథను ఈ నెల మీ ముందుంచుచున్నాము. ఆయన పేరు జిమ్మీ హోగన్. ఆయన రాజు కాడు, సేనాధిపతి కాడు, బోధకుడును కాడు. ఆయన బంతి ఆట నేర్పిన గురువు.

బంతి ఆటకు సంఘ పత్రికలో స్థలమేమని ఎవరైన అడుగవచ్చును. వరికోతలైన తరువాత మన పిల్లలు ఎండిన మడిలో రెండు రాళ్లు గుర్తుగా పెట్టుకొని, చీకటి పడువరకు ఆడు ఆట అది. ఆ ఆటను లోకమునకిచ్చిన దేశము దానివలన ఎంత గర్వపడెనో, పిమ్మట ఎట్లు తగ్గింపు నేర్చుకొనెనో తెలిసికొనుట పెద్దలకును పిన్నలకును మేలు.

ఇంగ్లండు దేశములో ఈ ఆట పూర్వము ఊరికొక విధముగా ఆడబడుచుండెను. 1863లో లండను నగరమందు కొందరు కూడుకొని ఫుట్‌బాల్ సంఘమును స్థాపించి, అందరికిని ఒకే నియమావళిని వ్రాసిరి. 1872లో ఇంగ్లండు, స్కాట్లండు జట్లు గ్లాస్గో నగరములో మొదటి అంతర్జాతీయ మ్యాచి ఆడినప్పుడు ఏ జట్టుకును గోలు రాలేదు. కాని ఆ రెండు దేశముల ఆటలో ఒక భేదముండెను. ఆంగ్లేయులలో బంతి దొరికినవాడు తానొక్కడే దానిని తోలుకొనుచు ఎదుటివారి మీదికి పోవును. స్కాట్లండువారు ఒకరికొకరు బంతి అందించుకొనుచు సాగిరి. ఒంటివాని బలముకంటె పదిమంది పొందిక గొప్పదని వారు కనుగొనిరి. ఈ భేదమును జ్ఞాపకముంచుకొనుడి, మన కథ అంతయు దాని చుట్టే తిరుగును.

తరువాత నావికులు, రైలుమార్గములు వేయు ఇంజనీర్లు, వర్తకులు, ఉపాధ్యాయులు ఈ ఆటను లోకమంతట చల్లిరి. ఐరోపాకును దక్షిణ అమెరికాకును అది వారి వెంటనే పోయెను. మన దేశమునకు సైనికులవలనను మిషను పాఠశాలలవలనను వచ్చెను. కాశ్మీరులో మిషనరీ టిండేల్ బిస్కోగారు తన పాఠశాల పిల్లలచేత తోలుబంతిని తన్నించుట 1891లో జరిగెను. ఇట్లు విత్తనము దూరదేశములలో పడెను. అయితే విత్తినవారు పైరు చూడ వెళ్లలేదు. ఆట మాది, మాకు నేర్పువారెవరు, మీరు నేర్చుకొనునది ఇంకను చాల ఉన్నది అను భావము బ్రిటిషు సంఘములలో స్థిరపడెను.

జిమ్మీ హోగన్ 1882వ సంవత్సరము అక్టోబరు 16వ తేదీన లాంకషైరు ప్రాంతమందలి నెల్సన్ అను పట్టణములో జన్మించెను. మన మగ్గములకు పోటీగా వచ్చిన మిల్లుబట్ట ఆ ప్రాంతమునుండి వచ్చినదే. ఆయన కుటుంబము ఐర్లండునుండి వచ్చిన రోమను కాథలిక్కు కుటుంబము. కుమారుడు గురువు కావలెనని తండ్రి కోరి, 1896లో మాంచెస్టరులోని సెయింట్ బీడ్ కళాశాలకు పంపెను. బాలుడు నాలుగేండ్లు అక్కడ చదువుకొని, ఆ సేవకు తనకు పిలుపు లేదని గ్రహించి తిరిగి వచ్చెను. అయినను విశ్వాసమును విడిచినవాడు కాడు. కడవరకు దేవుని ఆరాధించుచు, నియమము గల జీవితమునే గడపెను. బోధించు గుణము మాత్రము ఆయనలో నిలిచిపోయెను. వేదికమీద బోధింపవలసినవాడు మైదానములో బోధించెను.

ఆయన చిన్న జట్లలో ఆడి, పిమ్మట బర్న్లీ జట్టులో చేరెను. ఒకనాటి ఆటలో ఎదుటివారిని దాటుకొని పోయి గోలు ముంగిట నిలిచి బంతిని తన్నగా, అది గోలు పైనుండి ఎగిరిపోయెను. ఆట ముగిసిన తరువాత ఆయన మేనేజరునొద్దకు పోయి, తన పాదము నిలిపిన తీరులో లోపమున్నదా, శరీరము వాలుటలో లోపమున్నదాయని అడిగెను. ఊరక తన్నుచుండుము, పదింటిలో ఒకటి పోయినను చాలునని మేనేజరు చెప్పి పంపివేసెను. ఈ జవాబు యౌవనుడైన హోగనుకు తృప్తినియ్యలేదు. తప్పిన పనికి కారణముండును, కారణము తెలిసినయెడల దిద్దుకొనవచ్చును, దిద్దుకొనగలిగినదానిని ఇతరులకు నేర్పవచ్చును అని ఆయన తలంచెను. ఆ దినమునుండి ఆటను ఒక విద్యగా అభ్యసింప మొదలుపెట్టెను.

ఆ కాలపు ఆంగ్ల జట్లలో అభ్యాసమనగా మైదానము చుట్టు పరుగెత్తుటయే. వారమంతయు బంతిని దాచియుంచినయెడల శనివారమున ఆటగాండ్రు బంతికొరకు ఆకలిగొని ఆడుదురని వారి నమ్మకము. అక్షరములు చూపక పిల్లవానిని పరీక్షకు పంపినట్లుండెను. హోగన్ 1905లో లండనులోని ఫుల్‌హాం జట్టుకు వెళ్లినప్పుడు అక్కడ స్కాట్లండు పద్ధతిని దగ్గరగా చూచెను. నేలమీదనే బంతి, చిన్న చిన్న అందింపులు, అందించినవాడు వెంటనే ఖాళీ స్థలమునకు కదలుట, ఇదియే ఆటకు సరియైన మార్గమని ఆయన మనస్సులో ముద్రపడెను.

పిమ్మట ఆయన బోల్టన్ జట్టులో చేరెను. ఆ జట్టు హాలండు దేశమునకు యాత్ర వెళ్లి, డోర్‌డ్రెక్ట్ అను పట్టణపు జట్టును 10-0 గోలులతో ఓడించెను. తోడి ఆటగాండ్రకు అది నవ్వులాట. హోగనుకు మాత్రము ఓడినవారిమీద జాలి కలిగెను. వారికి ఆశ ఉన్నది, బలమున్నది, నేర్పువాడు లేడని ఆయన గ్రహించి, తిరిగి వచ్చి వీరికి నేర్పుదునని మనస్సులో నిశ్చయించుకొనెను. చెప్పినట్లే 1910లో, 28 ఏండ్ల ప్రాయములో, డోర్‌డ్రెక్ట్‌కు శిక్షకుడుగా వెళ్లెను. ఆ సంవత్సరమే హాలండు జాతీయ జట్టును ఒక మ్యాచికి సిద్ధపరచగా, అది జర్మనీని 2-1తో గెలిచెను.

1912లో ఆస్ట్రియా దేశమునుండి పిలుపు వచ్చెను. వియన్నా నగరములో హ్యూగో మైస్ల్ అను యూదుడు ఆ దేశపు జట్టును నడుపుచుండెను. ఆయన బ్యాంకులో పనిచేసినవాడు, అనేక భాషలు తెలిసినవాడు. స్టాక్‌హోం ఒలింపిక్సుకు తనవారిని సిద్ధపరచుటకు మంచి శిక్షకుడు కావలెనని ఆయన విచారింపగా, ఒక ఆంగ్ల రిఫరీ హోగన్ పేరు చెప్పెను. మొదటి దినములలో హోగన్ మాటలు ఆస్ట్రియావారికి అర్థము కాలేదు. ఆయన దిగులుపడి మైస్లునొద్దకు పోగా, ఇద్దరును కూర్చుండి దీర్ఘముగా మాటలాడుకొనిరి. బలముచేత కాక మెలకువచేత ఆడవలెనను తలంపు ఇద్దరిదియు ఒకటేయని తేలెను. ఆ స్నేహము మైస్ల్ 1937లో మరణించువరకు చెడలేదు. ఒలింపిక్సులో ఆస్ట్రియా జర్మనీని 5-1తో ఓడించెను గాని, తరువాత హాలండు చేతిలో 3-1తో ఓడిపోయెను.

1916లో బెర్లినులో జరుగవలసిన ఒలింపిక్సుకు జట్టును సిద్ధపరచుమని మైస్ల్ కోరగా, హోగన్ భార్యాబిడ్డలతో వియన్నాలో కాపురము పెట్టెను. అయితే 1914లో మహాయుద్ధము లేచెను. హోగన్ నిన్నటివరకు గురువు, నేడు శత్రుదేశస్థుడు. పోలీసులు ఆయనను పట్టుకొని చెరలో ఉంచిరి. 1915లో ఆయన భార్యాబిడ్డలు అమెరికా రాయబారి కార్యాలయపు సహాయముతో స్వదేశమునకు పంపబడిరి. ఆయనను జర్మనీలోని చెరశిబిరమునకు పంప సిద్ధపడగా, వియన్నాలో పెద్ద దుకాణము గల ఇద్దరు సోదరులు పూటపడి విడిపించి, తమ యింటనుంచుకొనిరి. అక్కడ ఆయన వారి పిల్లలకు టెన్నిసు నేర్పుచు దినములు గడపెను.

అంతట హంగరీ దేశపు రాజధానియైన బుడాపెస్టులోని ఎం.టి.కె. అను జట్టు పెద్దలు ఆయన సంగతి విని, అధికారులతో మాటలాడి ఆయనను తమయొద్దకు రప్పించుకొనిరి. ఆ జట్టులో యూదులు అనేకులు. యుద్ధమునకు ముందు అక్కడ జాన్ టెయిట్ రాబర్ట్‌సన్ అను స్కాట్లండువాడు కొంతకాలము నేర్పియుండెను. ఒకడు నాటగా మరియొకడు నీళ్లుపోయుట అనునది అక్కడ అక్షరాల నెరవేరెను. హోగన్ పోలీసుల ఎదుట తప్పక కనబడుచుండవలెను. ఊరు విడిచిపోవుటకు వీలులేదు. ఆటగాండ్రు అనేకులు యుద్ధమునకు పోయిరి. చేతిలో జట్టే లేదు. అప్పుడాయన తోటలలో ఆడుకొను కుర్రవాండ్రను వెదకెను. ఆంగ్ల ఉద్యానమను తోటలో ఆడుచున్న ఇద్దరు విద్యార్థులను చూచి, వీరు నావారని పట్టుకొనెను. వారిలో ఒకడు గ్యోర్గి ఓర్త్, మరియొకడు బ్రౌన్. బడి విడిచిన తరువాత ప్రతిదినము వారిని మైదానమునకు తీసికొనిపోయి, రెండు పాదములతోను బంతిని అదుపుచేయుట, తల యెత్తి చూచుట, ఆలోచించి అందించుట నేర్పెను. ఇద్దరును దేశములో పేరుపొందిన ఆటగాండ్రైరి. 1917లో ఆ జట్టు దేశపు విజేత యయ్యెను. హోగన్ వెళ్లిపోయిన పిమ్మటను 1925 వరకు ప్రతియేట అదే గెలుచుచుండెను. శత్రుదేశమని పేరుపడిన చోట ఆయనకు అన్నము, పని, గౌరవము దొరకెను.

1918లో యుద్ధము ముగియగా హోగన్ స్వదేశము చేరెను. చేతిలో డబ్బు లేదు. లివర్‌పూలులో ఒక పొగాకు కంపెనీలో సరుకు పంపు పనిలో కుదిరెను. యుద్ధమువలన నష్టపడిన ఫుట్‌బాల్ ఆటగాండ్రకు సంఘము 200 పౌనులు సహాయము చేయుచున్నదని ఎవరో చెప్పగా, దారిఖర్చులకు 5 పౌనులు అప్పుచేసి లండనుకు వెళ్లెను. సంఘపు కార్యదర్శి ఆయనను చూచి, డబ్బుకు బదులు మూడు జతల ఖాకీ మేజోళ్లు చేతిలో పెట్టెనని హోగన్ తరువాత చెప్పుకొనెను. యుద్ధభూమిలోని సైనికులకు పంపినవి అట్టివేయని ఆ కార్యదర్శి భావము; అనగా నీవు శత్రువులయొద్ద సుఖముగా కూర్చున్నవాడవు, ద్రోహివి అనుట. నాలుగేండ్లు కుటుంబమునకు దూరమై, పోలీసుల కనుసన్నల బ్రదికినవానికి స్వజనులిచ్చిన బహుమానమిది. ఈ అవమానము ఆయన మనస్సులో ముల్లువలె నిలిచిపోయెను.

ఆ దినములలో బ్రిటిషు సంఘముల ధోరణియే అట్లుండెను. 1904లో ఏడు దేశములవారు పారిసులో కూడి ఫిఫా అను అంతర్జాతీయ సంఘమును స్థాపించినప్పుడు బ్రిటనువారు అందులో లేరు. కొంతకాలమునకు చేరిరి గాని, 1920లో ఓడిన శత్రుదేశములతోను, వాటితో ఆడువారితోను మేము ఆడమని బయటికి వచ్చిరి. 1924లో తిరిగి చేరిరి. 1928లో, జీతము లేక ఆడువారికి పోయిన కూలి చెల్లించుట న్యాయమా కాదా అను వివాదమువలన మరల వెళ్లిపోయిరి. 1930లో ఉరుగ్వే దేశములో మొదటి ప్రపంచకప్పు జరిగెను. 1934లో ఇటలీలోను, 1938లో ఫ్రాన్సులోను జరిగెను. ఈ మూడింటిలో బ్రిటిషు జట్టు ఒక్కటియు ఆడలేదు. పండుగ జరుగుచుండగా పెద్దకుమారుడు ఇంటిలోనికి రాక బయటనే నిలిచినట్లుండెను.

హోగన్ మాత్రము మరల సముద్రము దాటెను. స్విట్జర్లండులో కొంతకాలము నేర్పి, 1924 పారిసు ఒలింపిక్సుకు ఆ దేశపు జట్టును సిద్ధపరచిన ముగ్గురిలో ఒకడయ్యెను. ఆ చిన్న దేశము ఫైనలు వరకు వచ్చి ఉరుగ్వే చేతిలో ఓడిపోయెను. తరువాత బుడాపెస్టులోని తన పాత జట్టుకును, అటుపిమ్మట జర్మనీకిని వెళ్లెను.

జర్మనీలో జరిగిన ఒక సంగతి మన పిల్లలకు చెప్పదగినది. ఆయన అక్కడ ఆటగాండ్ర సభలో మాటలాడవలసి వచ్చెను. ఆయన జర్మను భాష అంతంతమాత్రము. తప్పు మాటలు దొరలగా సభ నవ్వెను. ఆయన కొంచెము విరామమడిగి లోపలికి పోయి, ఆటబట్టలు ధరించి తిరిగి వచ్చెను. అందరి ఎదుట బూట్లు, మేజోళ్లు విప్పి, ఉత్తపాదముతో బంతిని దూరముననున్న చెక్కపలకకు గురిచూచి తన్నెను. అది మరలి రాగానే ఎడమ పాదముతో మరల తన్నగా పలక రెండు చీలికలాయెను. నవ్విన సభ నిశ్శబ్దమాయెను. పాదముంచు తీరు తెలిసినవానికి బూటు బలము అక్కరలేదని, రెండు పాదములును ఆటగానికి అవసరమని వారికి మాటలు లేకయే అర్థమాయెను. ఆ సభలోని వారేగాక, ఒక్క నెలలోనే డ్రెస్డెను ప్రాంతములో 5,000 మంది ఆటగాండ్రు ఆయన పాఠములు వినిరి. డ్రెస్డెను జట్టులో ఆయనయొద్ద నేర్చుకొన్న యౌవనులలో హెల్ముట్ షూన్ అనువాడొకడు. ఈ పేరు మరల వచ్చును.

1932 డిసెంబరులో మైస్ల్ నడుపు ఆస్ట్రియా జట్టు లండనుకు వచ్చినప్పుడు హోగన్ వారికి తోడుగా నుండెను. ఇంగ్లండు 4-3తో గెలిచెను గాని, అతిథుల అందింపుల నేర్పును చూచినవారు ఆశ్చర్యపడిరి. హెచ్చరిక అప్పుడే వినబడెను. ఆ వినికిడిని పట్టించుకొన్నవారు కొద్దిమంది.

1934లో ఫుల్‌హాం జట్టు ఆయనను మేనేజరుగా పిలిచెను. స్వదేశములో నేర్పవలెనను కోరిక తీరినదని ఆయన సంతోషించెను. అయితే అనుభవము గల ఆటగాండ్రకు పాఠములెందుకని జట్టులో సణుగుడు పుట్టెను. ఆయన అపెండిసైటిసు శస్త్రచికిత్సయై ఆసుపత్రిలో పడుకొనియుండగానే ఉద్యోగమునుండి తొలగించిరి. ఆయన మరల వియన్నాకు పోయి, ఆస్ట్రియా జట్టును 1936 బెర్లిను ఒలింపిక్సుకు తీసికొనిపోగా అది ఫైనలులో ఇటలీకి 2-1తో ఓడి వెండి పతకము పొందెను.

ఆ సంవత్సరమే బర్మింగ్‌హాంలోని ఆస్టన్ విల్లా జట్టు తన చరిత్రలో మొదటిసారిగా రెండవ తరగతికి దిగిపోయెను. పడినవారు వినుటకు సిద్ధపడుదురు. వారు హోగనును పిలిచిరి. 1938లో ఆ జట్టు రెండవ తరగతిలో ప్రథమ స్థానము పొంది పై తరగతికి తిరిగి వచ్చెను. ఇంటనుకూడ గెలువగలనని ఆయన చూపెను. ఇంతలో 1939లో రెండవ మహాయుద్ధము వచ్చి ఆ పనిని ఆపివేసెను.

యుద్ధము తరువాత బ్రిటిషు సంఘములు 1946లో ఫిఫాలో తిరిగి చేరెను. మరుసటి సంవత్సరము బ్రిటను జట్టు గ్లాస్గోలో ఐరోపా జట్టును 6-1తో ఓడించుటవలన పాత గర్వము బలపడెను. అయితే 1950లో ఇంగ్లండు మొదటిసారి ప్రపంచకప్పుకు బ్రెజిలు వెళ్లి, ఎవరును లెక్కచేయని అమెరికా చేతిలో 1-0తో ఓడిపోయెను. అది పొరపాటున జరిగినదని ఇంటనున్నవారు సరిపెట్టుకొనిరి.

1952 హెల్సింకీ ఒలింపిక్సులో హంగరీ జట్టు యుగోస్లావియాను 2-0తో గెలిచి బంగారు పతకము పొందెను. అదే యుగోస్లావియాతో మొదటనే తలపడిన మన భారత జట్టు 10-1తో ఓడెను. మన జట్టుకు శిక్షకుడు హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీంగారు; మన ఆటగాండ్రలో అనేకులు ఆ చలిలో ఉత్తపాదములతో ఆడిరి. మనవారు ఆ ఓటమిని దాచిపెట్టుకొనలేదు. బూట్లు తొడిగి నేర్చుకొనిరి. రహీంగారి చేతిక్రిందనే 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానము, 1962 జకార్తా ఆసియా క్రీడలలో బంగారు పతకము పొందిరి. ఓటమిని పాఠముగా తీసికొన్నవారికి ఫలము దొరకును.

ఇంగ్లండుకు ఆ పాఠము 1953 నవంబరు 25వ తేదీన వచ్చెను. హంగరీ జట్టు లండనులోని వెంబ్లీ మైదానమునకు వచ్చెను. బ్రిటిషు ద్వీపముల వెలుపలి జట్టు ఏదియు అంతవరకు ఇంగ్లండును దాని స్వంత గడ్డమీద ఓడింపలేదు. లక్షకు మించిన జనము చూచుచుండగా, ఆట మొదలైన నిమిషములోపలనే హిడెగ్‌కుటి గోలు చేసెను. హంగరీవారు తమ స్థానములు మార్చుకొనుచు, నేలమీద బంతిని చకచక అందించుకొనుచు పోగా, ఆంగ్లేయులు ఎవరిని పట్టవలెనో తెలియక నిలిచిపోయిరి. హిడెగ్‌కుటి మూడు, పుష్కాష్ రెండు, బోజిక్ ఒకటి గోలులు చేసిరి. ఆట 6-3తో ముగిసెను. ఆరు నెలలకు బుడాపెస్టులో జరిగిన ఆటలో హంగరీ 7-1తో గెలిచెను.

వెంబ్లీ జనములో 71 ఏండ్ల ముసలివాడొకడు ఆస్టన్ విల్లా కుర్రవాండ్రను వెంటబెట్టుకొని కూర్చుండెను. ఆయనే జిమ్మీ హోగన్. ఆట ముగిసిన తరువాత హంగరీ సంఘాధ్యక్షుడైన షాండోర్ బార్చ్, తమకు ఫుట్‌బాల్ నేర్పినవాడు జిమ్మీ హోగనేయని అందరి ఎదుట చెప్పెను. తమ ఆట చరిత్ర వ్రాయునప్పుడు ఆయన పేరు బంగారు అక్షరములతో వ్రాయవలెనని ఆ జట్టు పెద్ద గుస్తావ్ షెబెష్ పలికెను. ఇంగ్లండులో కొందరు ఈ మాట విని, ఈయన మనకు ద్రోహము చేసినవాడని మరల గొణిగిరి. పిల్లలను వెంటబెట్టుకొని వచ్చి చూపుచున్నవాడు ద్రోహియెట్లగును? ఆయన దాచినదేమియు లేదు. ముప్పదియేండ్లుగా తలుపు తట్టెను, తీసినవారికి నేర్పెను.

ఆ ఓటమి తరువాత ఇంగ్లండులో మార్పు మొదలాయెను. శిక్షణను చులకన చేసినవారు దానిని వెదకిరి. 1955లో ఐరోపా జట్ల కప్పు మొదలైనప్పుడు ఆంగ్ల విజేతను పోనియ్యకపోయిరి గాని, మరుసటి సంవత్సరము మాంచెస్టర్ యునైటెడ్ వెళ్లెను. 1967లో స్కాట్లండులోని సెల్టిక్ ఆ కప్పును గెలిచెను. ఆ జట్టులో హోగన్ 1948నుండి కొంతకాలము నేర్పియుండెను. 1966లో ఇంగ్లండు వెంబ్లీలోనే పశ్చిమ జర్మనీని 4-2తో ఓడించి ప్రపంచకప్పు పొందెను. ఆ ఇంగ్లండు జట్టు మేనేజరు ఆల్ఫ్ రాంసే, 1953లో హంగరీ చేతిలో ఓడిన ఆటగాండ్రలో ఒకడు. ఎదుటి జట్టు మేనేజరు హెల్ముట్ షూన్, డ్రెస్డెనులో హోగన్ శిష్యుడు. 2001లో స్వీడను దేశస్థుడైన ఎరిక్సన్ ఇంగ్లండు జాతీయ జట్టుకు మేనేజరాయెను. నేర్పుటకు తప్ప నేర్చుకొనుటకు ఒప్పని దేశము మొదటిసారిగా ఆ పనికి పరదేశిని పిలుచుకొనెను.

హోగన్ వృద్ధాప్యములోను ఆస్టన్ విల్లా కుర్రవాండ్రకు నేర్పెను. 1974 జనవరి 30వ తేదీన బర్న్లీలో, 91వ యేట మరణించెను. ఆయన జర్మనీలో ఆధునిక ఫుట్‌బాల్‌కు పునాది వేసినవాడని జర్మను సంఘపు పెద్ద ఒకడు ఆయన కుమారునికి వ్రాసెను. ఆ వేసవిలో మ్యూనికు నగరమున జరిగిన ప్రపంచకప్పు ఫైనలులో ఇరువైపుల నిలిచినవారెవరో చూడుడి. ఒకప్రక్క శిష్యుడైన షూన్ నడుపు పశ్చిమ జర్మనీ, మరియొక ప్రక్క హోగన్ మొదటిసారి నేర్పవెళ్లిన హాలండు. జర్మనీ 2-1తో గెలిచెను. ఆ పోటీలకు ఇంగ్లండు అర్హతయే పొందలేదు.

చదువరులారా, స్వంత ఊరివారు గుర్తింపనివాని సంగతి మనకు క్రొత్తది కాదు. నజరేతు గ్రామములో జరిగినదానిని లూకా సువార్త నాలుగవ అధ్యాయములో చదువుకొనుచునే యున్నాము. ఎరిగిన ముఖమును మనము తేలికగా చూతుము. మన సంఘములో ఎవరున్నారు? రాగములు బాగుగా తెలిసిన వృద్ధురాలు వెనుక చాపమీద కూర్చున్నదా? పట్టణములో పని నేర్చుకొని వచ్చిన యువకుడు అరుగుమీద ఊరక యున్నాడా? పొరుగు ఊరిలో బడికి పోయి నేర్పుచున్న పంతులమ్మను మన పిల్లలకు నేర్పుమని ఎన్నడైన అడిగితిమా? లేక వారికి మనమును మూడు జతల మేజోళ్లే ఇచ్చి పంపుచున్నామా?

త్రోసివేయబడినవారికిని ఈ జీవితములో ఒక మాట కలదు. హోగన్ ఆ మేజోళ్లను మరువలేదు. ఆయన రాయి కాడు, మనుష్యుడే. అయినను ఆ బాధను సాకుగా పెట్టుకొని తన విద్యను పాతిపెట్టలేదు. డోర్‌డ్రెక్టులో ఓడినవారికి నేర్పెను, చెరగా నున్న బుడాపెస్టులో నేర్పెను, నవ్విన జర్మనీ సభకు నేర్పెను, తన్ను తొలగించిన స్వదేశములోని పిల్లలకు డెబ్బదియేండ్లు దాటిన తరువాతను నేర్పెను. మనకు అప్పగింపబడినది ఏదైనను, దానిని అడిగినవారికి ఇచ్చుదము. ఇంటివారు ఆలస్యముగా అడిగినను, కోపముతో తలుపు వేయక ఇచ్చుదము.

ఈ సాయంకాలము మీ పిల్లలు మడిలో బంతి ఆడుచున్నయెడల, పిలిచి ఈ కథ చెప్పుడి. బంతిని ఒక్కడే పట్టుకొని పరుగెత్తక, ప్రక్కవానికి అందించుమని కూడ చెప్పుడి.